యుద్ధం గుమ్మంలోకి వచ్చినప్పుడు ప్రభుత్వాలు ఎందుకు తగ్గుతాయి?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

గత సంచికలో మ్యూనిక్ ఒప్పందం మీద వ్యాసం వేశాం. 1938 సెప్టెంబర్ 29న బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ అధినేతలు మ్యూనిక్‌లో కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక సంతకాలు చేసి సుడేటన్‌లాండ్‌ను హిట్లర్ చేతిలో పెట్టారు. చెకోస్లొవేకియాలోని సుమారు 30 లక్షల మంది జర్మన్లలో ఎక్కువమంది ఉండేది ఆ సరిహద్దు ప్రాంతంలోనే. తమ దేశాన్ని కోస్తున్న ఆ సమావేశంలో చెక్ ప్రతినిధులకు చోటే లేదు. ఎదుటివాడు అడిగింది ఇచ్చి యుద్ధాన్ని తప్పించుకునే ఇలాంటి పద్ధతికి బుజ్జగింపు విధానం అని పేరు. ఆ వ్యాసం చదివి విజయవాడ, గుంటూరు పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్ని ఇవి.

బ్రిటన్ ప్రధాని ఛాంబర్లెయిన్ పిరికివాడు కాబట్టే లొంగిపోయాడని చిన్నప్పుడు చదువుకున్నాం. ప్రపంచంలో నాలుగో వంతు ఏలుతున్న దేశానికి భయపడాల్సిన అవసరం ఏమొచ్చింది?
– ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, పటమట, విజయవాడ

మాస్టారూ, ఆ సామ్రాజ్యమే అప్పట్లో బ్రిటన్‌కు పెద్ద బరువు. 1937 జూలైలో జపాన్ చైనా మీద పడింది. దాని తర్వాతి చూపు హాంకాంగ్ మీదో సింగపూర్ మీదో అని లండన్ భయం. 1935లో అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీదికి దండెత్తిన ఇటలీ మధ్యధరా సముద్రంలో సూయజ్ దారికి అడ్డంగా ఉంది. జర్మనీ పక్కింట్లోనే ఉంది. ఇవి చాలవన్నట్టు 1936 నుంచి పాలస్తీనాలో అరబ్బుల తిరుగుబాటు. 1937 డిసెంబర్‌లో త్రివిధ దళాధిపతులు తమ ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. జర్మనీ, ఇటలీ, జపాన్‌లతో ఒకేసారి తలపడి దేశాన్నీ వాణిజ్యాన్నీ కాపాడుకునే బలం మనకు ఎప్పటికి వస్తుందో ఊహించలేకపోతున్నాం, శత్రువుల సంఖ్యను దౌత్యంతో తగ్గించండి అన్నది దాని సారాంశం. సైన్యమే ఆ మాట చెప్తే ఏ ప్రధానీ పక్కన పెట్టలేడు.

బలం ఎందుకు లేదంటే, 1919లో బ్రిటన్ ఒక నియమం పెట్టుకుంది. వచ్చే పదేళ్లలో పెద్ద యుద్ధం రాదు అనుకుని రక్షణ బడ్జెట్లు వేసుకోవాలన్నది ఆ నియమం. దాన్ని 1932 దాకా ఎత్తేయలేదు. ఈలోగా ఆయుధాల ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, పనితనం తెలిసిన ఫిట్టర్లు, టర్నర్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. ఖజానా తలుపులు తీసినా తుపాకులు, విమానాలు వెంటనే రావు. ముందు మెషీన్లు రావాలి, ఆ మెషీన్ల మీద పనిచేసేవాళ్లకు శిక్షణ ఇవ్వాలి. 1938లో యుద్ధం వస్తే వెంటనే ఫ్రాన్స్‌కు పంపడానికి బ్రిటన్ చేతిలో ఉన్నది రెండు డివిజన్లు.

డబ్బు సంగతి ఇంకో చిక్కు. బ్రిటన్ తిండిగింజలు, ముడిసరుకులు బయటి నుంచే కొనుక్కోవాలి. యుద్ధం కొద్ది నెలల్లో ముగిసేదైతే జర్మనీదే పైచేయి, ఏళ్ల తరబడి సాగితే తమదే గెలుపు, అయితే అప్పటిదాకా డబ్బు నిలవాలి అని అక్కడి ఆర్థిక శాఖ లెక్కగట్టింది. అందుకే ఆర్థిక స్థిరత్వాన్ని త్రివిధ దళాల సరసన నాలుగో రక్షణ దళంగా లెక్కపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడుకున్నట్టు అమెరికా అప్పు వాడుకుందామంటే ఆ దారీ మూసుకుపోయింది. పాత యుద్ధ రుణాలు ఎగ్గొట్టిన దేశాలకు కొత్త అప్పు ఇవ్వకూడదని 1934లో అమెరికా చట్టం చేసింది. బ్రిటన్ ఆ జాబితాలో ఉంది. 1935 నుంచి వచ్చిన తటస్థత చట్టాలు, యుద్ధంలో ఉన్న దేశాలకు ఆయుధాలు అమ్మడాన్ని కూడా ఆపేశాయి.

ఇక కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా. 1914లో లండన్ యుద్ధం ప్రకటిస్తే ఇవన్నీ ఆటోమేటిక్‌గా యుద్ధంలోకి వచ్చేశాయి. 1931 చట్టం తర్వాత ఎవరి నిర్ణయం వాళ్లది. చెక్ సరిహద్దు కోసం రక్తం ధారపోయడానికి ఈ దేశాల్లో ఎవరికీ ఇష్టం లేదు.

ఇంట్లో జనం మాటేమిటంటే, 1934–35లో జరిగిన శాంతి బ్యాలట్ అనే అభిప్రాయ సేకరణలో కోటీ 16 లక్షల మంది పాల్గొన్నారు. యుద్ధం వద్దనే గాలికి దీన్ని సాక్ష్యంగా చూపిస్తుంటారు. కానీ, దురాక్రమణకు దిగిన దేశాన్ని అవసరమైతే సైనికంగా ఆపాలా అన్న ప్రశ్నకు కూడా అందులో ఎక్కువమంది అవుననే చెప్పారు. చాలా పుస్తకాలు ఈ సంగతి వదిలేస్తాయి. జనాభిప్రాయం వల్లే ఛాంబర్లెయిన్ చేతులు కట్టుబడ్డాయన్న వాదనను కొంచెం తగ్గించి తీసుకోవడం మంచిది.

లండన్ మీద బాంబులు పడతాయన్న భయం కూడా ఒక కారణమని మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో వదిలేశారు. దాని గురించి వివరంగా చెప్పండి.
– ఇంజనీరింగ్ విద్యార్థి, లక్ష్మీపురం, గుంటూరు

అడగడం మంచిదైంది. 1938 నిర్ణయాల వెనుక ఇంతకు మించిన కారణం లేదని మా అభిప్రాయం. పైగా ఒక లెక్క తప్పితే ఒక ప్రభుత్వం ఎలా వంగిపోతుందో ఇందులో కళ్లకు కడుతుంది.

1917–18లో జర్మన్ విమానాలు లండన్ మీద కొన్ని దాడులు చేశాయి. ఆ దాడుల్లో చచ్చినవాళ్లనూ గాయపడ్డవాళ్లనూ కలిపి, పడిన బాంబుల బరువుతో భాగిస్తే టన్నుకు 50 మంది వరకు తేలారు. 1930లలో అధికారులు ఆ అంకెనే పట్టుకున్నారు. జర్మనీ రోజుకు ఇన్ని వందల టన్నులు వేయగలదని ఇంకో అంచనా వేసి, ఆ రెంటినీ గుణించారు. 1937లో తేలిన ఫలితం: మొదటి 60 రోజుల్లో 6 లక్షల మంది చనిపోతారు, 12 లక్షల మంది గాయపడతారు. మొదటి ప్రపంచ యుద్ధం నాలుగేళ్లలో బ్రిటన్ పోగొట్టుకున్న సైనికులు 7 లక్షల పైచిలుకు. దాదాపు అంతమంది రెండు నెలల్లో, అదీ ఇళ్లలో ఉన్న ఆడవాళ్లూ పిల్లలూ పోతారని ఫైళ్లో రాసి ఉంటే, దాని మీద సంతకం పెట్టాల్సిన మనిషి పరిస్థితి ఆలోచించండి.

లెక్క ఎక్కడ తప్పింది? తీసుకున్న నమూనా చాలా చిన్నది. అప్పటి జనానికి షెల్టర్లు లేవు, సైరన్ మోగితే ఏం చేయాలో తెలియదు, కొన్ని దాడుల్లో వీధుల్లో గుంపులుగా ఉన్నవాళ్ల మీదే బాంబులు పడ్డాయి. షెల్టర్లు కట్టి, పిల్లల్ని పల్లెలకు పంపి, రాత్రిళ్లు దీపాలు ఆర్పేస్తే టన్నుకు పోయే ప్రాణాలు ఎన్నో రెట్లు తగ్గుతాయి. రెండో తప్పు దూరానికి సంబంధించింది. 1938లో జర్మనీ చేతిలో బెల్జియం, హాలండ్, ఫ్రాన్స్ లేవు. సొంత గడ్డ మీద నుంచి లేచి, లండన్ దాకా ఎగిరి, బరువైన బాంబులు వేసి, మళ్లీ తిరిగి రావడం ఆనాటి జర్మన్ బాంబర్లకు తలకు మించిన పని. వాటికి తోడుగా ఫైటర్లు అంతదూరం రాలేవు. 1940 సెప్టెంబర్ నుంచి 1941 మే దాకా ఫ్రాన్స్ తీరం నుంచే లేచి ఎనిమిది నెలలు బాంబులు కురిపించినా బ్రిటన్‌లో చనిపోయినవాళ్లు సుమారు 43 వేలు. అదీ ఘోరమే, కానీ 6 లక్షలు కాదు.

1938 సెప్టెంబర్ చివరి వారంలో లండన్‌లో ఎవరికీ ఈ విషయం తెలియదు. 3 కోట్ల 80 లక్షల గ్యాస్ మాస్కులు పంచారు. హైడ్ పార్క్‌లో కందకాలు తవ్వారు. అదే సమయానికి బ్రిటిష్ ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధవిమాన దళాలు) 29 ఉంటే, వాటిలో కొత్త హరికేన్ విమానాలు ఉన్న దళాలు అయిదు. ఆ హరికేన్లలో తుపాకులను వెచ్చగా ఉంచే ఏర్పాటు ఇంకా లేకపోవడంతో 15 వేల అడుగులు దాటితే అవి చలికి బిగుసుకుపోయి పేలేవి కావు. స్పిట్‌ఫైర్లు అప్పుడప్పుడే ఒక్క స్క్వాడ్రన్‌కు అందుతున్నాయి. మిగతావన్నీ రెండు రెక్కల పాత విమానాలు, వాటికి తోడు పాతబడిన ఇంకొన్ని రకాలు. శత్రు విమానాన్ని దూరం నుంచే పసిగట్టే రాడార్ స్టేషన్లు థేమ్స్ నది ముఖద్వారం చుట్టూ అయిదు మాత్రమే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి, 1939 సెప్టెంబర్ నాటికి, దాదాపు 20 అయ్యాయి, దక్షిణ తీరం నుంచి స్కాట్లండ్ దాకా గొలుసుకట్టుగా. 1940 జూలైకి 50కి పైగా స్క్వాడ్రన్లు, వాటిలో ఎక్కువ హరికేన్లూ స్పిట్‌ఫైర్లే.

అంటే ఆ ఏడాది సమయం కొనుక్కుని మంచి పనే చేశారంటారా? మీ ఉద్దేశం సూటిగా చెప్పండి.
– ఓ న్యాయవాది, గవర్నర్‌పేట, విజయవాడ

సూటిగానే చెప్తాం. గాలిలో లాభం వచ్చింది, నేల మీద నష్టం వచ్చింది. మొత్తం మీద నష్టమే ఎక్కువని మేం అనుకుంటాం.

వదులుకున్నదేమిటో చూడండి. సుడేటన్‌లాండ్‌ను కొండలూ అడవులూ ఉన్న సరిహద్దు పట్టీగా మాత్రమే చూడకూడదు. చెక్‌లు కట్టుకున్న కాంక్రీట్ కోటల్లో ఎక్కువభాగం ఆ కొండల్లోనే ఉన్నాయి. ఒప్పందం రెండో అంశం ప్రకారం అక్కడున్న కట్టడాల్లో వేటినీ ధ్వంసం చేయకుండా ఖాళీ చేయాలి. అక్టోబర్ 1న మొదలుపెట్టి 10వ తేదీకల్లా అప్పగించాలి. ఏ ఊరు ఎవరిదో తేల్చడానికి బెర్లిన్‌లో అంతర్జాతీయ కమిషన్ వేస్తామన్నారు, కొన్నిచోట్ల ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామన్నారు. కమిషన్ కూర్చుంది కానీ 1910 నాటి జనాభా లెక్కలు ఆధారం చేసుకోవాలన్న జర్మనీ పట్టుకు తలూపేసింది. ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కచోట కూడా జరగలేదు. మీరు కోర్టు వ్యవహారాలు చూసినవారు కాబట్టి మీకు ఇట్టే అర్థమవుతుంది: స్వాధీనం ముందే ఇచ్చేసి, షరతులు తర్వాత అమలు చేసుకుందాం అనుకున్న ఒప్పందం అది. షరతు తప్పితే ఏం చేయాలన్న దాని మీద ఎవరి దగ్గరా ఏర్పాటు లేదు.

కోటలు పోయాక చెకోస్లొవేకియా నిలబడే స్థితి లేదు. అంతకుముందు దానికి సమీకరించగల 35 డివిజన్ల దాకా సైన్యం, ప్ల్జెన్‌లో స్కోడా ఆయుధ కర్మాగారం ఉన్నాయి. 1939 మార్చి 15న హిట్లర్ ప్రేగ్‌లోకి నడిచి వెళ్లినప్పుడు అవన్నీ ఒక్క తూటా పేలకుండా అతని వశమయ్యాయి. 1940 మేలో ఫ్రాన్స్ మీదికి వెళ్లిన 10 పాంజర్ (ట్యాంకు) డివిజన్లలో మూడింటికి, అంటే 6, 7, 8 డివిజన్లకు, ప్రధాన బలం చెక్ ట్యాంకులే. జర్మన్ జనరల్ రోమెల్ నడిపిన 7వ డివిజన్ వాటిలో ఒకటి. బ్రిటన్ కొనుక్కున్న ఆ ఏడాదిని జర్మనీ కూడా వాడుకుంది.

ఇంకో మాట. 1938లో జర్మన్ సైన్యాధికారులే భయపడుతున్నారు. సైన్యంలో జనరల్ స్టాఫ్ అధిపతి బెక్ యుద్ధానికి వ్యతిరేకంగా ఆ ఆగస్టులో రాజీనామా చేశాడు. మ్యూనిక్‌లో హిట్లర్ గెలిచాక అలాంటి గొంతులకు విలువ లేకుండా పోయింది. సోవియట్ యూనియన్‌కు 1935 నుంచి చెక్‌లతో ఒప్పందం ఉంది. కానీ ఫ్రాన్స్ ముందు కదిలితేనే తాము కదులుతామని అందులో ఉంది, పైగా పోలండ్, రుమేనియా తమ నేల మీదుగా ఎర్ర సైన్యాన్ని పోనిచ్చేలా లేవు. ఆ సాయం వచ్చేదో కాదో తేల్చి చెప్పడం కష్టమే. అయినా మ్యూనిక్‌కు తనను పిలవకపోవడంతో స్టాలిన్ పశ్చిమ దేశాల మీద నమ్మకం వదులుకున్నాడు. 1939 ఆగస్టు 23న హిట్లర్‌తోనే, ఒకరి మీద ఒకరు దాడి చేసుకోబోమని ఒప్పందం చేసుకున్నాడు.

ఛాంబర్లెయిన్ ముందున్న కారణాలన్నీ నిజమైనవే. ఆయన తప్పు యుద్ధం వాయిదా వేయడం కాదు. ఎదుటివాడి ఆకలికి హద్దు ఉందని నమ్మాడు. ఒప్పందం తర్వాత కూడా అదే నమ్మకంతో ఉండి, బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ తేవడానికి 1939 ఏప్రిల్ దాకా ఆగాడు. సమయం కొనుక్కున్నవాడు ఆ సమయంలో ప్రతి రోజూ యుద్ధం రేపే అన్నట్టు పనిచేయాలి. విమానాల విషయంలో బ్రిటన్ ఆ పని చేసింది. పదాతి సైన్యం విషయంలో చేయలేదు.

బుజ్జగింపు ఎప్పుడైనా, ఎక్కడైనా ఫలించిందా? మన ప్రాంత చరిత్రలో అలాంటిది ఉందా?
– గృహిణి, తాడేపల్లి

ఉందమ్మా, మీ ఊరికి దగ్గర్లోనే ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో గజపతుల చేతిలో ఉన్న కొండవీడు కోటను పట్టాడు. తర్వాత కృష్ణ దాటి కొండపల్లి తీసుకుని సింహాచలం దాకా వెళ్లాడు. అంత గెలిచాక, 1519 ప్రాంతంలో ప్రతాపరుద్ర గజపతితో సంధి చేసుకుని, ఆయన కూతుర్ని పెళ్లాడి, కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భూభాగాన్ని తిరిగి ఇచ్చేశాడు. ఇంద్రకీలాద్రి ఉన్న గట్టు గజపతికి, మీ తాడేపల్లి, ఉండవల్లి ఉన్న గట్టు రాయలకు. గెలిచినవాడు ఎందుకిచ్చాడంటే, పడమటి వైపు బీజాపూర్ సుల్తాన్ ఆదిల్‌షా ఉన్నాడు. తూర్పు సరిహద్దు చల్లబడితేనే అటు తిరగగలడు. 1520లో రాయచూరు యుద్ధంలో ఆదిల్‌షాను ఓడించాడు. పైచేయిగా ఉన్నవాడు ఇస్తే దాన్ని ఎవరూ బలహీనత అనుకోరు. బుజ్జగింపుకు అంతకంటే మంచి సమయం దొరకదు.

చైనాలో సాంగ్ రాజులు 1005లో ఉత్తరాన ఉన్న లియావ్ రాజ్యంతో ఒప్పందం చేసుకున్నారు. ఏటా లక్ష టేళ్ల వెండి, అంటే సుమారు 4 టన్నులు, 2 లక్షల పట్టు తానులు ఇవ్వాలి. 1042లో దాన్ని 2 లక్షల టేళ్లు, 3 లక్షల తానులకు పెంచారు. అయినా అది సరిహద్దు మీద సైన్యాన్ని నిలబెట్టే ఖర్చు ముందు చాలా తక్కువ. పైగా సరిహద్దు సంతల్లో లియావ్ వాళ్లు చైనా సరుకులు కొనడంతో ఆ వెండి చాలావరకు వెనక్కే వచ్చేది. వందేళ్లకు పైగా ఆ ఇద్దరి మధ్య పెద్ద యుద్ధం లేదు.

బ్రిటన్ కూడా ఒకప్పుడు ఈ పని బాగా చేసింది. 1895లో ముదిరిన వెనిజులా సరిహద్దు తగాదాలో అమెరికా మాటకు తగ్గి మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది, 1901లో పనామా కాలువ హక్కులు వదులుకుంది, 1903లో అలాస్కా సరిహద్దులో కెనడాకు నష్టమైనా సరేనంది. జర్మనీ నౌకాదళం పెరుగుతుంటే అమెరికాతో తగువు తమకు భరించలేనిదని తెలుసుకుంది. 1917లో అమెరికా బ్రిటన్ పక్కనే యుద్ధంలోకి దిగింది.

బెడిసికొట్టిన ఉదాహరణ కావాలంటే పాత ఇంగ్లండ్ ఉంది. సముద్రం మీద నుంచి వచ్చి దోచుకునే డేన్లకు (డెన్మార్క్ వైపు వైకింగ్‌లకు) 991లో 10 వేల పౌన్ల వెండి ఇచ్చి పంపారు. 994లో 16 వేలు, 1002లో 24 వేలు, 1012లో 48 వేలు. లియావ్ రాజ్యానికి ఒక రాజు, ఒక రాజధాని, పోగొట్టుకోవడానికి ఎంతో ఉన్నాయి. డేన్లు గుంపులు గుంపులుగా వచ్చేవాళ్లు. ఒక గుంపుకు ఇస్తే ఇంకో గుంపుకు కబురు వెళ్లేది. ఎవరికి ఇస్తున్నామో అతని చేతిలో మాట నిలబెట్టే శక్తి లేకపోతే ఇచ్చిందంతా నీళ్లపాలే.

సామ దాన భేద దండోపాయాల్లో ఇది దానం కిందికి వస్తుందా? కౌటిల్యుడు ఏమన్నాడు?
– పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

దానం కిందికే. కానీ ఆయన అసలు బోధ ఉన్నది సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా ఉండటం), యానం (దండెత్తడం), సంశ్రయం (మరొకరి అండ చేరడం), ద్వైధీభావం (ఒకరితో సంధి, ఇంకొకరితో యుద్ధం) అనే ఆరు గుణాల దగ్గర. శత్రువుతో పోలిస్తే తాను తగ్గుతుంటే సంధి చేసుకోవాలి, తాను పెరుగుతుంటే విగ్రహానికి దిగాలి. సంధిలోనూ యుద్ధంలోనూ ఒకే లాభం కనిపిస్తే సంధినే ఎంచుకోవాలి, యుద్ధంలో ప్రాణనష్టం, ఖర్చు, పరదేశంలో ఉండాల్సిన బాధ తప్పవు కాబట్టి. ఇవాళ ఎవరు బలవంతుడన్నది ఒక్కటే కాదు, రేపటికి ఎవరు పెరుగుతున్నారన్నది కూడా ఆయన కొలత. 1938ని ఆ కొలతతో చూస్తే ఒకే జవాబు రాదు: గాలిలో బ్రిటన్ పెరుగుతోంది, నేల మీద జర్మనీ పెరుగుతోంది. అందుకే అది అంత చిక్కు నిర్ణయం.

మ్యూనిక్ ఒప్పందం మీద ఆ రోజుల్లో మనవాళ్లు ఏమనుకున్నారు?
– డిగ్రీ విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

మన నాయకులు దీన్ని దూరం నుంచి చూసి ఊరుకోలేదు. జవహర్‌లాల్ నెహ్రూ 1938 ఆగస్టులో చెకోస్లొవేకియా వెళ్లి స్వయంగా పరిస్థితి చూశారు. బ్రిటన్ ధోరణిని ఆయన గట్టిగా విమర్శించారు. గాంధీజీ అక్టోబర్‌లో 'హరిజన్'లో రాస్తూ, చెక్‌లు అహింసతో ఎదిరించాలని సలహా ఇచ్చారు. 1939 మార్చిలో త్రిపురి కాంగ్రెస్ మహాసభ, మ్యూనిక్ ఒప్పందానికి దారి తీసిన బ్రిటిష్ విదేశాంగ విధానాన్ని పూర్తిగా తిరస్కరిస్తూ తీర్మానం చేసింది.

ఆ తీర్మానం చేసినవాళ్లే తర్వాత యుద్ధంలో బ్రిటన్‌కు ఎందుకు సహకరించలేదని కొందరు అడుగుతారు. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి ప్రతినిధుల్లో ఎవరినీ సంప్రదించకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. కెనడా, దక్షిణాఫ్రికా పార్లమెంట్లు కూర్చుని తేల్చుకున్న విషయంలో మనకు అడిగే హక్కు కూడా లేకపోయింది. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడి రాజాజీ మంత్రివర్గం అక్టోబర్ నెలాఖరున దిగిపోయింది.

సివిల్స్ మెయిన్స్‌లో బుజ్జగింపు విధానానికి కారణాలు అడిగితే 250 పదాల్లో ఎలా రాయాలి? మార్కులు ఎక్కడ పోతాయి?
– అభ్యర్థి, బ్రాడీపేట, గుంటూరు

మొదటి 30 పదాల్లో నిర్వచనం, కాలం, ముఖ్యమైన నాయకుల పేర్లు చెప్పేయండి. తర్వాత కారణాలను బరువును బట్టి పేర్చాలి. సైనిక బలహీనత, ముగ్గురు శత్రువులు, బాంబు భయం ముందు. డబ్బు, అమెరికా తటస్థత తర్వాత. డొమినియన్లు (కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు), ప్రజాభిప్రాయం, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సెయిల్స్ సంధి జర్మనీకి అన్యాయం చేసిందన్న భావన, కమ్యూనిజం భయం ఆ తర్వాత. ప్రతి కారణానికీ ఒక సంవత్సరమో ఒక అంకెనో తగిలించాలి, లేకపోతే అది ఉత్త మాటగా మిగులుతుంది. దీనికి 140 పదాలు చాలు. మిగతా 80లో విమర్శ: చెక్ డివిజన్లు, స్కోడా, సోవియట్ దూరం కావడం.

మార్కులు పోయేది ఎక్కువగా తేదీల దగ్గరే. రైన్‌లాండ్‌లోకి జర్మన్ సైన్యం 1936 మార్చి 7, ఆస్ట్రియా విలీనం 1938 మార్చి, మ్యూనిక్ 1938 సెప్టెంబర్, ప్రేగ్ 1939 మార్చి 15, పోలండ్ 1939 సెప్టెంబర్ 1. వీటిని కలగాపులగం చేస్తే దిద్దేవారికి జవాబు మొత్తం మీదే నమ్మకం పోతుంది. బుజ్జగింపును ఛాంబర్లెయిన్ మొదలుపెట్టాడని రాయడం ఇంకో పొరపాటు. ఆయన ప్రధాని అయింది 1937 మేలో. 1935 జూన్ 18న జర్మనీ తన నౌకాదళాన్ని బ్రిటన్ దానిలో 35 శాతం దాకా పెంచుకోవచ్చని ఒప్పుకున్నప్పుడే ఈ దారి పడింది. కమ్యూనిజం భయం ఒక్కటే కారణమని తేల్చేయకండి. అది ఉన్నమాట నిజమే కానీ, పైన చెప్పిన నివేదికల్లో దాని వాటా చిన్నది. ఫ్రాన్స్‌ను మరిచిపోవద్దు. చెక్‌లను కాపాడతామని సంతకం చేసింది ఫ్రాన్స్, బ్రిటన్ కాదు.

ఇవాళ ఏ దేశమైనా చర్చలకు కూర్చుంటే చాలు, 'మరో మ్యూనిక్' అని టీవీల్లో అరుస్తున్నారు. ఏది మ్యూనిక్, ఏది కాదు అని మామూలు పాఠకులు ఎలా తేల్చుకోవాలి?
– మిర్చి వ్యాపారి, గుంటూరు

ముందు చూడాల్సింది, అడిగినవాడి కోరికకు హద్దు ఉందా అని. ఒక దారి, ఒక దీవి, ఒక హక్కు అడిగితే దాన్ని తూచి చూడొచ్చు. మాట మార్చి మార్చి అడుగుతున్నాడంటే జాగ్రత్త పడాలి. 1938 సెప్టెంబర్ 15న బెర్హ్‌టెస్‌గాడెన్‌లో హిట్లర్ అడిగింది ఒకటి. దానికి సరే అని 22న ఛాంబర్లెయిన్ గోడెస్‌బర్గ్ వెళ్తే, అది చాలదని ఇంకా ఎక్కువ అడిగాడు. వారంలోనే రేటు పెరిగింది. అసలు బుద్ధి తెలియడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇచ్చేది రేపు మన మీదే వాడగలిగిందా అన్నది తర్వాత చూడాలి. డబ్బు ఇస్తే మళ్లీ సంపాదించుకోవచ్చు. కోట, కొండ, ఆయుధ కర్మాగారం ఇస్తే తిరిగి రావు. ఇస్తున్నది మన సొత్తేనా, పక్కవాడిదా అన్నది కూడా పట్టించుకోవాలి. పక్కవాడి సొత్తును మనం ఇచ్చేస్తే మిగతా మిత్రులంతా అది గమనిస్తారు. వీటన్నింటితో పాటు, మాట తప్పితే ఏం చేస్తారో ముందే చెప్పి, చేసే బలం కూడగడుతున్నారా అని చూడండి. ఈ నాలుగూ చూడకుండా, కూర్చుని మాట్లాడినంత మాత్రాన మ్యూనిక్ అనడం తప్పు. కూర్చుని మాట్లాడకపోవడం ధైర్యం అనుకోవడమూ అంతే తప్పు.

విమానం దిగి ఛాంబర్లెయిన్ చేతిలో ఊపిన కాగితం మ్యూనిక్ ఒప్పందమేనా?
– పదో తరగతి విద్యార్థి, మంగళగిరి

కాదు నాన్నా. ఒప్పందం మీద సంతకాలయ్యాక సెప్టెంబర్ 30 ఉదయం ఆయన హిట్లర్‌ను విడిగా కలిసి, మూడు చిన్న పేరాల ప్రకటన మీద సంతకం చేయించుకున్నాడు. బ్రిటన్, జర్మనీ ఇక ఎన్నడూ పరస్పరం యుద్ధానికి దిగకూడదన్నది రెండు దేశాల ప్రజల కోరిక, తగాదాలు వస్తే సంప్రదింపులతోనే తేల్చుకుంటాం అని అందులో ఉంది. లండన్ దగ్గరి హెస్టన్ విమానాశ్రయంలో చదివి చూపించింది ఆ కాగితమే. ఇప్పుడది లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది.